జైపూర్ కాలు: ఉచిత శిబిరానికి వెళ్లేముందు చూసుకోవాల్సినవి

చెప్పుల్లేకుండా పొలానికి వెళ్లేవాళ్లకు, నేలమీద బాసింపట్టు వేసుకుని తినేవాళ్లకు జైపూర్ కాలును మించిన చవక కృత్రిమ కాలు లేదు. మోకాలి కింద కాలు పోయినవాళ్లకైతే మరీను. కానీ పాదం బాగుంటే సరిపోదు. విజయవాడ, గుంటూరు శిబిరాల్లో తీసుకున్న కాళ్లు అటకెక్కుతున్నాయంటే, చాలావరకు తప్పు పాదానిది కాదు, మిగిలిన కాలు దూర్చే తొడుగుది, అంటే సాకెట్‌ది.

1960ల చివర్లో జైపూర్‌లో హస్తకళాకారుడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి ఈ పాదాన్ని తయారుచేశారు. 1975లో డి.ఆర్. మెహతా పెట్టిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మందుపాతరలతో కాళ్లు పోగొట్టుకున్న అఫ్ఘానిస్తాన్ లాంటి చోట్లకూ అది వెళ్లింది. యుద్ధం ఆగిన ఊళ్లో మనిషి మళ్లీ ఇల్లు కట్టుకోవాలన్నా, దున్నుకోవాలన్నా ముందు నిలబడగలగాలి కదా.

పాదం లోపల మడమ దగ్గర, వేళ్ల వైపు స్పాంజి రబ్బరు దిమ్మలు, చీలమండ దగ్గర చెక్క దిమ్మ ఉంటాయి. వాటికి టైరు దారం వేసిన రబ్బరు చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు కప్పి, అచ్చులో వేడిచేసి బిగిస్తారు. ఇలా విడివిడి దిమ్మలు ఉండబట్టే పాదం పైకీ పక్కలకీ వంగుతుంది. పొలం గట్టు ఏటవాలుకు తగ్గట్టు ఒరుగుతుంది, గొంతుక్కూర్చోనిస్తుంది. బరువు మాత్రం కాస్త ఎక్కువే.

దీంతో పోల్చదగింది అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ వాడే పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) కాలు. అందులో పాదాన్ని ఎంత లోపలికి, ఎంత బయటికి తిప్పాలో నడిపించి చూస్తూ బోల్టులతో సవరించవచ్చు. జైపూర్ పద్ధతిలో హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును చెక్క దిమ్మ మీదికి తొడిగి స్క్రూలు బిగించాక మార్చడం కష్టం. కంటి అంచనా తప్పితే మోకాలు పక్కకు తోస్తుంది, నడుం నొప్పి పట్టుకుంటుంది. పాదం వరకు జైపూర్‌ది మేలు, సవరణకు రెడ్‌క్రాస్‌ది మేలు.

సాకెట్ ఎలా చేస్తారో తెలిస్తే ఎక్కడ గట్టిగా అడగాలో తెలుస్తుంది. మిగిలిన కాలికి ప్లాస్టర్ కట్టు వేసి గట్టిపడ్డాక ఊడదీస్తారు. అందులో ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. మోకాలి చిప్ప కింద ఉండే గట్టి పట్టీ (టెండన్) దగ్గర అచ్చును చెక్కుతారు, ఎందుకంటే బరువు ముఖ్యంగా మోయాల్సింది అక్కడే. ముందు ఎముక అంచు, చివరి భాగం దగ్గర మాత్రం ప్లాస్టర్ చేర్చి ఖాళీ ఇస్తారు. తర్వాత వేడిచేసిన పైపును దానిమీదికి లాగుతారు. రద్దీ రోజున హడావిడి జరిగేది ఈ చెక్కే పని దగ్గరే. తొడిగాక పది నిమిషాలు నడిచి, విప్పి, చర్మం చూపించండి. చిప్ప కింద ఎరుపు ఉండొచ్చు. ఎముక అంచు మీదో, చివరనో ఎరుపు వచ్చి పావుగంటకీ పోకపోతే ఆ కాలు తీసుకోవద్దు, అక్కడే సరిచేయించండి.

ఆపరేషన్ గాయం పూర్తిగా మానక ముందు, వాపు ఉండగా కొలత ఇవ్వకూడదు. అప్పటిదాకా క్రేప్ బ్యాండేజీని కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. మోకాలి కింద దిండు పెట్టి పడుకుంటే కీలు వంగి బిగుసుకుపోతుంది, తర్వాత ఏ కాలూ పనిచేయదు. మొదటి ఏడాదిలో కండ తగ్గుతుంది కాబట్టి సాకెట్ వదులవుతుంది. ఒక నూలు సాక్సు, తర్వాత రెండు వేసుకుని సర్దుకోవచ్చు. మూడు మందపాటివి వేసినా జారుతోందంటే కొత్త సాకెట్ కావాల్సిందే.

మన ఎండలకు హెచ్‌డీపీఈ గాలి ఆడనివ్వదు. మే నెలలో మధ్యాహ్నం ఒకసారి విప్పి, తుడుచుకుని, పొడి సాక్సు మార్చుకోవాలి. రాత్రి సాకెట్ లోపల సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో, పొయ్యి పక్కన పెడితే ఆకారం మారే ప్రమాదం ఉంది. గుంటూరు నల్లరేగడిలో నడిచి వచ్చిన రోజు పాదం కడిగి, అరికాలి రబ్బరు చీలిందేమో చూడాలి. చీలికలోంచి తడి చెక్కకు చేరిందంటే స్క్రూల పట్టు పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు కనుక రోజూ అద్దం పెట్టి కాలి చివర చూసుకోవడం తప్పనిసరి.

శిబిరాలతో అసలు చిక్కు, కాళ్లు ఇచ్చాక నిర్వాహకులు వెళ్లిపోవడమే. పెద్దవాళ్లకు మూడు నుంచి అయిదేళ్లకు, ఎదిగే పిల్లలకు ఆరు నెలలకే కాలు మార్చాల్సి వస్తుంది. పిల్లల్లో ఎముక పెరిగి చర్మాన్ని పొడుస్తుంది కాబట్టి కొన్నిసార్లు మళ్లీ ఆపరేషన్ కూడా అవసరం. రెడ్‌క్రాస్ కాబూల్‌లో 1988లో తెరిచిన కేంద్రం ఇన్నేళ్లుగా అక్కడే ఉంది, అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు అందరూ దివ్యాంగులే. కాలు ఇవ్వడమే కాదు, నడక నేర్పుతారు, చిన్న వ్యాపారానికి వడ్డీ లేని అప్పు ఇస్తారు. ఒక్కరోజు శిబిరంలో నడక నేర్పడానికి తీరిక ఎక్కడుంటుంది? నిర్వాహకులు ఇక్కడే ఒక టెక్నీషియన్‌ను, నెలకోసారి మరమ్మతు రోజును పెడితే ఇచ్చిన కాళ్లలో ఎన్నో నిలబడతాయి.

నా మార్కులు: పాదానికి అయిదుకు నాలుగున్నర. ఒక్కరోజు శిబిరం సేవకు రెండున్నర. మోకాలి పైన తీసేసినవాళ్లు మాత్రం శిబిరాన్ని నమ్ముకోవద్దు. కీలు అమరిక, నడక సాధన రెండూ వారాల పని. స్థిరంగా వర్క్‌షాప్ ఉన్న కేంద్రానికే వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా ఆధార్, సదరం సర్టిఫికెట్, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, రెండో కాలికి వేసుకునే చెప్పు తీసుకెళ్లండి. చెప్పు మడమ ఎత్తు చూడకుండా పాదం బిగిస్తే మోకాలు ముందుకో వెనక్కో తోస్తుంది. కాలు తీసుకున్నాక మరమ్మతుకు ఎవరిని కలవాలో ఫోన్ నంబరుతో సహా రాయించుకోండి.