బొగ్గు తగ్గిన వయోమింగ్‌కు ఏ రాబడి మేలు?

అమెరికాలో రాష్ట్ర స్థాయి ఆదాయపు పన్ను లేని రాష్ట్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. టెక్సాస్‌కు మూడు కోట్ల జనం ఉన్నారు, ఫ్లోరిడాకు పర్యాటకులున్నారు, వాషింగ్టన్‌కు సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి, కాబట్టి జీతాల మీద పన్ను వేయకుండానే అవి నెట్టుకొస్తున్నాయి. ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్ ఎలా నడుస్తోంది, బొగ్గు తగ్గిపోయాక దాని గతేమిటి? మొదటి సగానికి జవాబు తెలిసిందే: ఇంతకాలం పన్నులు గనులే కట్టాయి, జనానికి కట్టే అవసరం పెద్దగా రాలేదు. రెండో సగానికి అక్కడి శాసనసభలోనే ఇంకా జవాబు కుదరలేదు. ముందున్న దారులు ప్రధానంగా నాలుగు: దాచిపెట్టిన ఖనిజ నిధి రాబడి మీద బతకడం, అమ్మకపు పన్నును పెంచడం, ఆస్తి పన్ను మీద ఆధారపడడం, ఇన్నాళ్లూ వద్దనుకున్న ఆదాయపు పన్నును తేవడం.

పోలికకు ముందు నష్టం ఎంతటిదో చూడాలి. పౌడర్ రివర్ బేసిన్‌లోని ఓపెన్‌కాస్ట్ గనుల పుణ్యమా అని 2008లో ఈ రాష్ట్రం 46 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. 2024 నాటికి అది 20 కోట్ల టన్నులకు దిగువకు పడిపోయింది. ఆ బొగ్గులో అత్యధిక భాగం రైళ్లెక్కి ఇతర రాష్ట్రాల విద్యుత్ కేంద్రాలకు పోతుంది కనుక, ఆ కేంద్రాలు సహజవాయువుకో పవన విద్యుత్తుకో మారితే వయోమింగ్ ప్రభుత్వం చేయగలిగింది ఏమీ లేదు. 2016 మార్చి 31న రెండు పెద్ద గనుల్లో ఒకే రోజు 460 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2019 జులై 1న బ్లాక్‌జ్యూయెల్ కంపెనీ దివాలా తీసి, క్యాంప్‌బెల్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) రెండు గనుల గేట్లకు తాళం వేసింది. దాదాపు 600 మంది కార్మికులు బయట నిలబడ్డారు. తవ్విన బొగ్గు మీద కౌంటీకి చెల్లించాల్సిన పన్నును ఏడాదిన్నర దాకా వాయిదా వేసుకునే పాత పద్ధతి అప్పటికి అమల్లో ఉండడంతో, కంపెనీతో పాటు కోట్ల డాలర్ల బకాయి కూడా చిక్కుల్లో పడింది. నెలనెలా కట్టించుకునే పద్ధతికి చట్టం మారింది ఆ దెబ్బ తగిలిన తర్వాతే.

ఈ నాలుగు దారులను తూచడానికి చాలామంది రేట్లను, భారాన్ని, రాజకీయ సాధ్యాసాధ్యాలను కొలబద్దలుగా తీసుకుంటారు. అవన్నీ ముఖ్యమే. అయితే నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఒక్కటే: రాష్ట్రంలో జనం, ఉద్యోగాలు పెరిగితే ప్రభుత్వ రాబడి కూడా పెరుగుతుందా? వినడానికి ఇది వింత ప్రశ్నలా ఉంటుంది, ఎందుకంటే మరే రాష్ట్రంలోనైనా కొత్త పరిశ్రమ వస్తే ఖజానా నిండుతుందనే అనుకుంటాం. వయోమింగ్‌లో పరిస్థితి తలకిందులు. రాజధాని షయాన్ పక్కన ఒక కొత్త కర్మాగారం వచ్చి, అందులో పనిచేసే కుటుంబం ఇద్దరు పిల్లలతో ఊళ్లో దిగిందనుకుందాం. ఆ పిల్లలకు బడి కావాలి, ఆ వీధికి రోడ్డు, పోలీసు, అగ్నిమాపక సేవ కావాలి. ప్రభుత్వానికి తిరిగి వచ్చేది మాత్రం వాళ్ల కొనుగోళ్ల మీద రాష్ట్రం వేసే 4 శాతం అమ్మకపు పన్ను, ఇంటి మీద కొద్దిపాటి ఆస్తి పన్ను. ఇంటికి తెచ్చుకునే వంట సరుకుల మీద 2006 నుంచి ఆ 4 శాతం కూడా లేదు. జీతం మీద ఏమీ రాదు, కర్మాగారం లాభం మీదా ఏమీ రాదు, ఎందుకంటే కార్పొరేట్ ఆదాయపు పన్ను కూడా అక్కడ లేదు. షయాన్‌లో వెలిసిన డేటా సెంటర్లకైతే సర్వర్ల కొనుగోలు మీద అమ్మకపు పన్ను మినహాయింపు కూడా ఇచ్చారు. గనులతో సంబంధం లేని ప్రతి కొత్త ఉద్యోగం ఖజానాకు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఖర్చే తెస్తుందని అక్కడి ఆర్థికవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. బొగ్గు పోయినా కొత్త పరిశ్రమలు వస్తే సర్దుకుంటుందన్న మాట ఎన్నికల సభల్లో వినసొంపుగా ఉన్నా, ఈ పన్నుల నిర్మాణం మారనంతకాలం అది లెక్కకు నిలవదు.

ఈ కొలబద్దతో మొదట ఖనిజ నిధిని చూద్దాం, ఎందుకంటే వయోమింగ్ వాసులు ఎక్కువగా నమ్ముకున్నది దాన్నే. 1969లో గవర్నర్ స్టాన్ హాథవే హయాంలో ఖనిజాల వెలికితీత మీద తొలిసారి పన్ను వేశారు. 1974లో రాజ్యాంగ సవరణ ద్వారా ఆ రాబడిలో ఒక భాగాన్ని ఎవరూ ముట్టుకోకూడని శాశ్వత నిధిగా మార్చారు. అసలును శాసనసభ ఖర్చు పెట్టకూడదు; దాని మీద వచ్చే రాబడిని మాత్రమే వాడుకోవచ్చు. ఈ రోజు ఆ నిధి విలువ దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు, అంటే తలకు సుమారు 17 వేల డాలర్లు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని తెలిసిన పెద్దలు చేసిన పని ఇది, ఎంత మెచ్చుకున్నా తక్కువే. అలాస్కా తన చమురు నిధి రాబడిలో కొంత 1982 నుంచి ఏటా పౌరులకు పంచుతోంది. ఆ పంపకం ఒక హక్కులా పాతుకుపోయి, బడుల బడ్జెట్‌తో పోటీ పడే స్థితి వచ్చింది. వయోమింగ్ ఆ దారి తొక్కలేదు. మన దేశంలో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధులున్నా అవి ప్రధానంగా ఖర్చు కోసం ఏర్పడినవే. అసలును కదపకుండా దాచే శాశ్వత నిధి ఆలోచన 2014లో గోవా ఇనుప ఖనిజం కేసులో సుప్రీంకోర్టు ఆదేశించాక గాని ముందుకు రాలేదు. సింగరేణి బొగ్గు ఏదో ఒకనాటికి అయిపోతుందని తెలిసిన తెలంగాణ వాళ్లం వయోమింగ్ నుంచి ముందుగా నేర్చుకోవాల్సింది ఈ సంగతినే అని నా అభిప్రాయం.

అయినా నా ప్రశ్నకు నిధి జవాబు చెప్పలేదు. ఏటా 5 శాతం తీసుకున్నా వచ్చేది 50 కోట్ల డాలర్లు. రాష్ట్రంలో ఆరు లక్షల మంది ఉన్నా ఏడు లక్షల మంది ఉన్నా అదే 50 కోట్లు. జనం పెరిగిన కొద్దీ తలసరి వాటా తగ్గుతుంది. బొగ్గు తగ్గుతున్న కొద్దీ నిధిలో కొత్తగా చేరే సొమ్మూ తగ్గుతుంది, షేర్ మార్కెట్ పడిన ఏడాది రాబడీ పడుతుంది. పైగా ధరల పెరుగుదలకు తగ్గట్టు అసలును పెంచుకోకపోతే, అంకె చెక్కుచెదరకపోయినా దాని కొనుగోలు శక్తి ఏటేటా అరిగిపోతుంది. నిధి కొంత గడువు ఇవ్వగలదు గాని పెరిగే రాష్ట్రాన్ని పోషించలేదు.

అమ్మకపు పన్నుకు రెండు బలాలున్నాయి. వసూలు యంత్రాంగం ఇప్పటికే ఉంది. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానానికి ఏటా వచ్చే 40 లక్షల సందర్శనల పుణ్యమా అని భారంలో కొంత బయటివాళ్లే మోస్తారు. 2020లో రాష్ట్రమంతటా బస మీద వేసిన పన్ను కూడా ఈ ఆలోచనతోనే వచ్చింది. కాని రేటు పెంచితే ఉత్తర వయోమింగ్‌లో వెంటనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. సరిహద్దుకు అవతలి మోంటానాలో రాష్ట్ర అమ్మకపు పన్నే లేదు. షెరిడాన్, కోడీ వంటి ఊళ్ల జనం పెద్ద కొనుగోళ్లకు మోంటానాలోని బిల్లింగ్స్ వెళ్లడం ఇప్పటికే ఉంది. రేటు పెంచే బదులు లాయర్లు, అకౌంటెంట్లు, ఇతర వృత్తి సేవల మీదికి పన్నును విస్తరించడం మేలైన పద్ధతి, కొత్త ఆర్థిక వ్యవస్థలో పెరిగేవి అవే కాబట్టి. నా ప్రశ్నకు ఇది సగం జవాబు చెబుతుంది: జనం పెరిగితే రాబడి కొంత పెరుగుతుంది. మిగతా సగం ఎక్కడ జారిపోతుందంటే, తక్కువ సంపాదించే కుటుంబం తన ఆదాయమంతా కొనుగోళ్లకే ఖర్చు పెడుతుంది, ఎక్కువ సంపాదించేవాడు చాలాభాగం పెట్టుబడిలో పెడతాడు. ఆ పెట్టుబడి మీద అమ్మకపు పన్నుకు చేయి అందదు.

ఆస్తి పన్ను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బడుల కోసం రాష్ట్రం, కౌంటీ, స్థానిక జిల్లా కలిసి 43 మిల్లుల పన్ను వేస్తాయి, అంటే మదింపు విలువలో వెయ్యికి 43 డాలర్లు. ఇది జనంతో ముడిపడిన పన్నే. అయితే బయటి సంపన్నులు వచ్చి ధరలు పెంచేయడంతో, ఇల్లు అమ్మే ఉద్దేశమే లేని పాతకాపుల మీద భారం పడింది. ఫలితంగా 2024లో ఇళ్ల పన్ను ఏటా 4 శాతానికి మించి పెరగకుండా కట్టడి చేశారు, 2025లో ఇంటి విలువలో తొలి పది లక్షల డాలర్ల మీద పావు వంతు మినహాయించారు. ఈ తలుపు ప్రస్తుతానికి మూసుకున్నట్టే.

ఇక ఆదాయపు పన్ను. నా మొగ్గు ఇటే, అందుకు కారణాలు టీటన్ కౌంటీలో కనిపిస్తాయి. తలసరి ఆదాయంలో అమెరికాలోని కౌంటీలన్నింటిలోనూ ముందు నిలిచే కౌంటీ ఇది. ఆ ఆదాయంలో పెద్ద భాగం వేతనం కాదు, వడ్డీలు, డివిడెండ్లు, షేర్ల లాభాలు. ఆ సొమ్ము మీద వయోమింగ్‌కు పైసా రాదు. అదే కౌంటీలోని జాక్సన్ హోటళ్లలో గదులు శుభ్రం చేసేవాళ్లు, వంటవాళ్లు, వడ్రంగులు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోలేక, పర్వతానికి అవతల ఐడహోలోని విక్టర్, డ్రిగ్స్ ఊళ్ల నుంచి టీటన్ కనుమ దాటి రోజూ వస్తారు. 2024 జూన్‌లో కొండచరియ జారి ఆ రోడ్డు తెగిపోయినప్పుడు ఊరు ఎవరి మీద ఆధారపడి ఉందో అందరికీ తెలిసొచ్చింది. వాళ్లు వయోమింగ్‌లో సంపాదించిన జీతం మీద ఐడహో 5 శాతం పైచిలుకు పన్ను వసూలు చేసుకుంటుంది. వయోమింగ్ 3 శాతం వేస్తే, వేరే రాష్ట్రానికి కట్టిన పన్నుకు ఐడహో మినహాయింపు ఇస్తుంది కనుక ఆ కార్మికుడి మొత్తం భారం దాదాపు మారదు; సొమ్ము మాత్రం ఉద్యోగం ఉన్న రాష్ట్రానికి చేరుతుంది.

దీన్ని వ్యతిరేకించేవాళ్లు సాధారణంగా పట్టించుకోని మరో సంగతి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. 15వ అధికరణంలో శాశ్వత నిధిని ఏర్పరిచిన 19వ సెక్షన్‌కు సరిగ్గా ముందున్న 18వ సెక్షన్ ప్రకారం, ఆదాయపు పన్ను వేస్తే ఆ ఏడాది అదే వ్యక్తి వయోమింగ్‌లో కట్టిన అమ్మకపు, వినియోగపు, ఆస్తి పన్నులన్నింటినీ అందులోంచి పూర్తిగా మినహాయించాలి. ఉదాహరణకు రేటు 3 శాతం అనుకుందాం. క్యాస్పర్ నగరంలో 80 వేల డాలర్ల ఆదాయమున్న ఒక కుటుంబానికి 2,400 డాలర్లు పడుతుంది. ఇంటి పన్ను 1,800, కొనుగోళ్ల మీద వెయ్యి ఇప్పటికే కట్టి ఉంటే, కొత్తగా కట్టాల్సింది సున్నా. పెట్టుబడుల మీద 50 లక్షల డాలర్లు ఆర్జించే జాక్సన్ నివాసికి లక్షన్నర పడుతుంది. అతను ఇతర పన్నుల కింద 50 వేలు కట్టినా ఇంకా లక్ష డాలర్లు కట్టాలి. అంటే రైతులనో గని కార్మికులనో పిండే పన్ను కాదిది.

ఈ మినహాయింపు వల్ల జనానికీ రాబడికీ మధ్య నేను మొదట చెప్పిన లంకె కొంత సడలుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే: మామూలు జీతగాడి కుటుంబం నుంచి అదనంగా వచ్చేది స్వల్పం. అందుకే వ్యక్తులతో పాటు కంపెనీల లాభాల మీదా పన్ను ఉండాలి. అప్పుడు కొత్త కర్మాగారం తెచ్చిన పిల్లల బడి ఖర్చును ఆ కర్మాగారం లాభమే మోస్తుంది. బయటి రాష్ట్రాల పెద్ద రిటైల్ సంస్థల మీద 7 శాతం వేయాలన్న బిల్లు 2019లో దిగువ సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. కనీసం ఒక సభ ఈ తర్కాన్ని అంగీకరించిందని దాన్నిబట్టి తెలుస్తోంది. మరో లోపం కూడా ఒప్పుకోవాలి. షేర్ల లాభాలు ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండవు, పన్ను లేదనే కారణంతో వచ్చిన కోటీశ్వరులు కొందరు చిరునామా మార్చుకుంటారు. ఒడిదొడుకుల ఏళ్లలో ఆసరాగా నిలవడానికి ఆ వెయ్యి కోట్ల నిధి ఉండనే ఉంది. ఆదాయపు పన్ను ఉన్న చాలా రాష్ట్రాలకు లేని వెసులుబాటు అది.

పవన విద్యుత్తు మీద మెగావాట్ అవర్‌కు ఒక డాలర్ చొప్పున 2012 నుంచి పన్ను ఉంది. ఆ రేటుతో బొగ్గు లోటు పూడదు. కెమ్మెరర్‌లో టెరాపవర్ కంపెనీ 2024లో పనులు మొదలుపెట్టిన 345 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రం ఆ ఊరికి మేలు చేస్తుంది, రాష్ట్ర బడ్జెట్‌కు చేసేది తక్కువ.

ఏ దారీ ఎంచుకోకుండా కాలం గడపడం కూడా ఇక కుదరదు. రాష్ట్రంలోని పిల్లలందరికీ సమానమైన, నాణ్యమైన చదువు అందించడం రాజ్యాంగ బాధ్యత అనీ, ఖజానాలో సొమ్ము లేదన్నది సాకు కాదనీ రాష్ట్ర సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. బడులకు ఇస్తున్న నిధులు రాజ్యాంగం కోరే స్థాయిలో లేవని 2025 ఫిబ్రవరిలో జిల్లా న్యాయస్థానం మళ్లీ తీర్పు చెప్పింది. మరోవైపు 2024 ఎన్నికల తర్వాత దిగువ సభ పన్నుల కోతనే లక్ష్యంగా పెట్టుకున్న ఫ్రీడమ్ కాకస్ అనే రిపబ్లికన్ వర్గం చేతిలోకి వెళ్లింది. ఆదాయపు పన్నును ఒకసారి రానిస్తే రేటు పెరుగుతూనే పోతుందన్నది వాళ్ల ప్రధాన భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, పన్ను చట్టంతో పాటే గరిష్ఠ రేటు 3 శాతమని రాజ్యాంగంలో రాయించడం మేలని నా సూచన. పన్నుకు శాసనసభ ఆమోదం చాలు. ఆ కట్టడికి మాత్రం రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ఎన్నికల్లో పాల్గొన్న ఓటర్లలో సగానికి మించిన ఆమోదం కావాలి. ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసిన ఓటు కూడా అక్కడ వ్యతిరేక ఓటు కిందే లెక్కకు వస్తుంది కాబట్టి, గనుల నుంచి ఇంకా ఎంతో కొంత వస్తున్న ఈ కొన్నేళ్లలోనే ఊరూరా తిరిగి ఈ లెక్కను జనానికి విడమరచి చెప్పే పని మొదలుపెట్టాలి.