ఒంగోలు వాళ్ళం, గడ్డివాము చూడ్డానికి మసాచుసెట్స్ వెళ్ళాం

మాది ఒంగోలు. అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర ప్రార్థన చేసిన కొండ, ఆయన తర్వాతి మిషనరీ క్లౌ దొర టైములో 1878 జులై 3న ఒక్కరోజే 2222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలు, ఇవన్నీ చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవే. ఈ అమెరికన్ దొరలు అసలు మన దాకా ఎందుకొచ్చారో, ఆ కథ మొదలైన గడ్డివాము చోటేదో చూద్దామని అక్టోబర్ వీకెండ్‌లో న్యూజెర్సీ నుంచి కారేసుకుని పడమటి మసాచుసెట్స్ వెళ్ళాం.

ముందు నార్తాంప్టన్. బ్రిడ్జ్ స్ట్రీట్ స్మశానంలో డేవిడ్ బ్రెయినర్డ్ సమాధి ఉంది. మిషనరీగా నేటివ్ అమెరికన్ల మధ్య గుర్రం మీద తిరిగి తిరిగి క్షయతో 1747లో పోయాడు, అప్పటికి 29 ఏళ్ళే. ఆఖరి రోజుల్లో జోనాథన్ ఎడ్వర్డ్స్ పాస్టర్‌గారింట్లో ఉంటే సేవ చేసింది ఆయన కూతురు జెరూషా, 17 ఏళ్ళ పిల్ల, నాలుగు నెలలకే తనూ పోయింది, పక్కనే పడుకోబెట్టారు. వాళ్ళిద్దరికీ నిశ్చితార్థం అయిందంటారు గానీ రుజువేం లేదు. టికెట్ లేదు, మనుషులూ లేరు, మేం గంటసేపు కదల్లేదు.

ఎడ్వర్డ్స్ కథ ఇంకోలా ఉంటుంది. పెద్ద పండితుడు, కానీ ఇంట్లో బానిసల్ని పెట్టుకున్న మనిషే, అదీ చెప్పుకోవాలి. ప్రభు సంస్కారం (చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) ఎవరికివ్వాలి అన్న గొడవలో 1750లో సంఘమే ఆయన్ని తీసేసింది, తీసేశాక ఇంకో పాస్టర్ దొరక్క కొన్నాళ్ళు మళ్ళీ ఆయనతోనే ప్రసంగాలు చెప్పించుకున్నారు! మన సంఘాల్లో గొడవలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదులెండి.

అక్కణ్ణుంచి ఆయన వెళ్ళింది స్టాక్‌బ్రిడ్జ్, మొహికన్లనే నేటివ్ అమెరికన్ తెగ కోసం పెట్టిన మిషన్‌కి. మేమూ వెళ్ళాం. అక్కడి మిషన్ హౌస్ ఎడ్వర్డ్స్‌ది కాదు, ముందున్న జాన్ సార్జెంట్‌ది, కొండ మీదుండేదాన్ని 1920ల్లో విప్పి కింద మెయిన్ స్ట్రీట్‌లో మళ్ళీ కట్టారు. చెక్కిన తలుపు బాగుంది. కానీ ఎవరి కోసం ఆ మిషన్ పెట్టారో ఆ మొహికన్లని మాత్రం తర్వాత అక్కణ్ణుంచి పంపేశారు, వాళ్ళ వారసులు ఇప్పుడు విస్కాన్సిన్‌లో ఉన్నారు, అది తెలిశాక ఇల్లు ఎంత అందంగా ఉన్నా మనసు పట్టలేదు. అక్కడి రెడ్ లయన్ ఇన్ అనే హోటల్ వరండా బాగుంటుంది, రేటు మాకు అందలేదు, హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం, రాత్రంతా హీటర్ మోత, ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అంటే రెండు చల్లటి మఫిన్లు. ఇంటి పులిహోరే కాపాడింది. ఆకులు రంగు మారే సీజన్‌లో వెళ్తే రెండు నెలల ముందే రూమ్ పట్టుకోండి.

రెండో రోజు విలియమ్స్‌టౌన్, రూట్ 7 మీద గంట. 1806లో వాన వస్తే ఇక్కడి విలియమ్స్ కాలేజీ కుర్రాళ్ళు ఐదుగురు గడ్డివాము చాటున కూర్చుని ఆసియా దేశాల కోసం ప్రార్థన చేశారు, ఆ చోట పైన భూగోళం పెట్టిన రాతి స్తంభం ఉంది, కాలేజీ కాంపస్‌లోనే, ఫ్రీ. వాళ్ళలో శామ్యూల్ మిల్స్ తర్వాత ఆండోవర్ సెమినరీలో (పాస్టర్ల చదువు చెప్పే చోట) అదోనిరామ్ జడ్సన్ అనే ఆయనతో కలిశాడు, 1812లో జడ్సన్ వాళ్ళు సేలంలో ఓడెక్కి కలకత్తా వచ్చారు, దారిలో చదువుతూ చదువుతూ జడ్సన్ బాప్టిస్ట్ (పసిపిల్లలకి కాదు, నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అనే శాఖ) అయిపోయాడు, ఆయన్ని పోషించడానికి 1814లో అమెరికా బాప్టిస్టులు ఒక సొసైటీ పెట్టుకున్నారు, ఆ సొసైటీయే తర్వాత నెల్లూరుకీ ఒంగోలుకీ మనుషుల్ని పంపింది. ఇదంతా అక్కణ్ణుంచి వీడియో కాల్‌లో చెప్తే మా అమ్మ "అయితే గడ్డివాము ఏదిరా, రాయి చూపిస్తావేంటి" అంది.

ఒక్కరోజే ఉంటే నార్తాంప్టన్, విలియమ్స్‌టౌన్ చూసుకుని వచ్చేయండి. మిషన్ హౌస్ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, వెళ్ళేముందు టైమింగ్స్ చూసుకోండి.