కెప్నర్ ట్రెగో శిక్షణ: ‘ఎక్కడ లేదు’ అని అడగడం నేర్పే వర్క్‌షాప్

సంస్థల్లో సమస్యలు పరిష్కరించడం, నిర్ణయాలు తీసుకోవడం నేర్పే శిక్షణలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు డజను పద్ధతులను రెండు రోజుల్లో చూపించి పంపేస్తాయి. ఐదుసార్లు ‘ఎందుకు’ అడగడం, కారణాలను కొమ్మలుగా గీసే చేపముల్లు బొమ్మ, ఓట్లేసి ఆలోచనలు ఎంచుకోవడం అన్నీ విన్నట్టే ఉంటుంది కానీ, తెల్లారి మిషన్ ఆగితే ఏది బయటికి తీయాలో తెలియదు. కెప్నర్ ట్రెగో శిక్షణ అలా కాదు. ఇందులో ఉన్నవి నాలుగే ప్రక్రియలు. వాటినే చేతికి అలవాటయ్యేదాకా చేయిస్తారు.

అమెరికా పరిశోధన సంస్థ రాండ్ కార్పొరేషన్‌లో పరిశోధకులుగా పనిచేసిన చార్లెస్ కెప్నర్, బెంజమిన్ ట్రెగో 1958లో ఈ సంస్థను మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా పద్ధతి చట్రం మారలేదు: పరిస్థితి అంచనా, సమస్య విశ్లేషణ, నిర్ణయ విశ్లేషణ, రాబోయే సమస్యల విశ్లేషణ. మా దృష్టిలో ఈ నాలుగూ ఒకే స్థాయివి కావు. రెండోదాని కోసమే ఈ శిక్షణకు మనుషుల్ని పంపొచ్చు. నాలుగోది చాలా ఉపయోగం, కానీ దానికి తరగతిలో తక్కువ సమయం దొరుకుతుంది. మూడోదాన్ని జాగ్రత్తగా వాడాలి.

మొదటిదాని గురించి చెప్పాల్సింది తక్కువ. ‘ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి’ లాంటి కలగాపులగం ఫిర్యాదును విడి విడి విషయాలుగా విడగొట్టి, ఒక్కోదానికి తీవ్రత, తొందర, ముదిరే అవకాశం చూసి, దేన్ని ముందు పట్టుకోవాలో తేలుస్తారు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే. ఎవరి విషయానికి వాళ్లు మూడు గళ్లలోనూ ‘ఎక్కువ’ అని రాసేస్తారు. విషయాలను జంటలుగా పక్కపక్కన పెట్టి, ‘ఈ రెంటిలో ఒక్కటే ఇవాళ చేయగలిగితే ఏది?’ అని అడిగించే శిక్షకుడైతే ఈ భాగం పనిచేస్తుంది. లేకపోతే అది పట్టిక నింపుడుగా మిగులుతుంది.

అసలు సరుకు సమస్య విశ్లేషణలో ఉంది. ముందు సమస్యను ఒక వాక్యంలో రాయిస్తారు: ఏ వస్తువుకి, ఏ లోపం. ఆ వాక్యంలో కారణం రాయకూడదు, పరిష్కారం అసలే రాయకూడదు. తర్వాత నాలుగు ప్రశ్నలు: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత. ఒక్కోదానికి రెండు గళ్లు. మొదటి గడిలో సమస్య ఎక్కడ ఉందో రాస్తారు. రెండో గడిలో, ఉండడానికి వీలుండి కూడా ఎక్కడ లేదో రాస్తారు. ఈ రెండో గడే మొత్తం పద్ధతికి ప్రాణం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సీసాలు నింపే విభాగంలో మూడో లైను సీసాలు కారుతున్నాయి. అందరి నోటా ఒకటే మాట: మూతలు నాసిరకం, సప్లయర్‌ని మార్చండి. పట్టిక నింపితే ఇలా వస్తుంది. మూడో లైనులో ఉంది, ఒకటి, రెండు లైన్లలో లేదు. మంగళవారం రెండో షిఫ్ట్ నుంచి ఉంది, అంతకుముందు లేదు. ఆరు సీసాలకు దాదాపు ఒకటి కారుతోంది, అన్నీ కారడం లేదు. మూడు లైన్లకూ మూతలు ఒకే పెట్టెలోంచి వెళ్తున్నప్పుడు, మూతలదే తప్పయితే మిగతా రెండు లైన్లు ఎందుకు బాగున్నాయి? అక్కడితో ఆ అనుమానం దాదాపు చచ్చిపోతుంది.

తర్వాతి ప్రశ్న: ‘ఉంది’కీ ‘లేదు’కీ మధ్య తేడా ఏమిటి? మూడో లైనులో మూతలు బిగించే మిషన్‌కి ఆరు తలలు ఉన్నాయి, మిగతా రెంటికీ ఒక్కో తలే. ఆ తేడా దగ్గర మంగళవారం ఏం మారింది? షిఫ్ట్ మారేటప్పుడు నాలుగో తలకి క్లచ్ (మూత ఎంత బిగుసుకోవాలో అదుపుచేసే భాగం) మార్చారు. ఇప్పుడు చేతికి వచ్చింది కారణం కాదు, బలమైన అనుమానం మాత్రమే. 60 సీసాల మీద ఏ తల బిగించిందో రాసి చూస్తే, నాలుగో తల కిందికి వచ్చిన 10 సీసాల్లోనే కారడం కనబడాలి. ఆ పరీక్షకి కొన్ని నిమిషాలు చాలు. అది చేయకుండా సప్లయర్‌ని మార్చి ఉంటే కొత్త మూతలు కూడా కారేవి. ‘ఎందుకు’ అని వరుసగా అడుగుతూ పోయే పద్ధతికి ఉన్న ఇబ్బంది ఇక్కడే తెలుస్తుంది. మొదటి జవాబు ‘మూతలు బాగోలేదు’ అయితే, మిగతా ప్రశ్నలన్నీ ఆ దారినే వెళ్లి సప్లయర్ గుమ్మం దగ్గర తేలతాయి.

‘లేదు’ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ ప్రమాదం చూపించింది. 1986 జనవరి 27 రాత్రి, ప్రయోగానికి ముందు జరిగిన ఫోన్ సమావేశంలో ఓ-రింగ్‌లకు (రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా మూసే రబ్బరు వలయాలు) చలి ప్రమాదమా అని చర్చించారు. అంతకుముందు ఓ-రింగ్‌లు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే ముందు పెట్టుకుంటే, చల్లటి రోజున ఒకటి, వెచ్చటి రోజున ఒకటి కనబడి, ఉష్ణోగ్రతకి సంబంధం లేనట్టు తోస్తుంది. తర్వాత ప్రమాదంపై విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, అవి దెబ్బతినని ప్రయోగాలను కూడా కలిపి చూసింది. 66 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు పైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే దెబ్బ కనిపించింది. అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు జరిగిన నాలుగింటిలోనూ దెబ్బే. సమాచారం ముందునుంచీ ఉంది, రెండో గడిలోకి ఎక్కలేదంతే. ఏడుగురు చనిపోయారు.

ఆ రాత్రి గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ శిక్షణ బలహీనత అక్కడ ఉంది. రాకెట్ తయారీ సంస్థ ఇంజనీర్లు మొదట ప్రయోగం వద్దనే చెప్పారు. తర్వాత వాళ్ల పై అధికారులు ఆ సిఫార్సును మార్చారు. గదిలో పెద్దవాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఏం రాస్తారన్న ప్రశ్నను ఈ వర్క్‌షాప్ దాదాపు ముట్టుకోదు. కాబట్టి కొనేవాళ్లే ఒక నియమం కలుపుకోవాలి. గళ్లు ముందు ఎవరికి వాళ్లు విడిగా, కాగితం మీద నింపాలి. విభాగం అధిపతిది చివర చదవాలి.

నిర్ణయ విశ్లేషణలో ‘తప్పనిసరి’ షరతులు, ‘ఉంటే మంచిది’ అనే కోరికలు విడదీస్తారు. తప్పనిసరి షరతు కొలవగలిగేలా ఉండాలి. ‘8 వారాల్లో అందించాలి’ అనేది షరతు, ‘త్వరగా అందించాలి’ అనేది కాదు. షరతు దాటని ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది. కోరికలకు 10 వరకు వెయిటేజీ ఇచ్చి, ఒక్కో కోరికలో మెరుగైన ప్రతిపాదనకు 10 మార్కులు వేసి, మిగతావాటికి దానితో పోల్చి వేస్తారు. ఇంతవరకు బాగుంది. చిక్కంతా మొత్తం దగ్గర వస్తుంది. వెయిటేజీలు 10, 7, 5 అనుకోండి. మొదటి ప్రతిపాదనకు 9, 8, 10 మార్కులు వస్తే మొత్తం 196. రెండోదానికి 10, 10, 4 వస్తే 190. మొదటిదే గెలిచింది. మూడో కోరిక వెయిటేజీని 5 నుంచి 3కి తగ్గించండి: 176, 182. రెండోది గెలిచింది. ఆ 5కి, 3కి మధ్య ఉన్నది ఒకరి అభిప్రాయమే. మొత్తాలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు లెక్క నిర్ణయం చెప్పినట్టు కాదు, ఏ కోరిక గురించి ఇంకా మాట్లాడుకోవాలో చూపించినట్టు. వెయిటేజీలు మార్చి మళ్లీ లెక్కకట్టే అభ్యాసం మీ శిక్షకుడు చేయించకపోతే అడిగి చేయించుకోండి. ఇంకో మోసం కూడా తరచూ జరుగుతుంది. మనసులో ముందే ఎంచుకున్నదాన్ని గెలిపించేలా వెయిటేజీలు వేస్తారు. దీనికి మందు, ప్రతిపాదనల పేర్లు బయటపెట్టకముందే వెయిటేజీలు రాసి సంతకం పెట్టడం.

అన్ని నిర్ణయాలకీ ఇంత తతంగం అక్కర్లేదు కూడా. సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో పరిశోధించి 1978లో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పింది ఇదే: మనుషులకు ఉన్న సమయం, సమాచారం, తెలివి పరిమితం, అందుకే అన్నిటికన్నా ఉత్తమమైనదాన్ని కాక సరిపోయేదాన్ని పట్టుకుంటారు. వెనక్కి తీసుకోగలిగిన చిన్న నిర్ణయానికి తప్పనిసరి షరతులు చూసుకుంటే చాలు. మార్కుల పట్టిక వెనక్కి తిప్పలేనివాటికి దాచుకోవాలి.

చివరి భాగంలో, నిర్ణయం అమలులో ఏం చెడొచ్చో రాసి, ఒక్కోదానికి కారణం, దాన్ని ఆపే పని, ఆపలేకపోతే చేసే పని, ఆ రెండో పని ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే గుర్తు రాయిస్తారు. ఎక్కువమంది తప్పేది ఆ గుర్తు దగ్గరే. ‘సరుకు ఆలస్యమైతే వేరేచోట కొంటాం’ అని రాస్తారు. ఎంత ఆలస్యమైతే, ఎవరు చూస్తారు అన్నది రాయరు. ‘12వ తేదీ సాయంత్రానికి లారీ బయల్దేరకపోతే, స్టోర్స్ ఇన్‌ఛార్జి రెండో ఆర్డర్ పెడతారు’ అన్నంత స్పష్టంగా ఉంటేనే అది పనికొస్తుంది.

ఎవరికి సరిపోదు? పనిచేస్తున్నది చెడిపోయినప్పుడు ఈ పద్ధతికి సాటి తక్కువ. ఉద్యోగులు వెళ్లిపోవడం, రెండు విభాగాల తగాదా లాంటి ఒకదానికొకటి ముడిపడిన పది కారణాల సమస్యల్లో మాత్రం పట్టిక ఒకే కారణం వైపు లాగుతుంది. అక్కడ దీన్ని నమ్ముకోవద్దు. రికార్డులు రాయని చోట కూడా దండగే. ఎప్పుడు మొదలైందో లాగ్‌బుక్‌లో లేకపోతే గళ్లలో ఊహలే పడతాయి. శిక్షణకు నెల ముందునుంచైనా షిఫ్ట్ మార్పులు, విడిభాగాల మార్పులు తేదీ, గంటతో సహా రాయించడం మొదలుపెట్టాలి.

బుక్ చేసేముందు మూడు సంగతులు తేల్చుకోండి. వచ్చే ప్రతి ఒక్కరూ తమ దగ్గర నలుగుతున్న నిజమైన సమస్యను వెంట తెచ్చుకుంటారా, దానిమీద పనిచేయడానికి తరగతిలో కనీసం సగం సమయం ఇస్తారా అన్నది మొదటిది. ఒకే విభాగం నుంచి ముగ్గురు నలుగురు కలిసి రావడం రెండోది. ఒక్కరే నేర్చుకుని వెళ్తే ఆ ‘లేదు’ ప్రశ్న వాళ్ల నోట్లోనే ఆగిపోతుంది. నెలన్నర తర్వాత శిక్షకుడు మళ్లీ కూర్చుని, ఈలోగా నింపిన పట్టికలు చూసి దిద్దుతాడా అన్నది మూడోది. ఈ మూడో మాట ఒప్పందంలో రాతపూర్వకంగా లేకపోతే ఆ బ్యాచ్ వాయిదా వేసుకోండి.