అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కంప్యూటర్ పత్రికలు: 30 ఏళ్ల వాడకం

1990ల మొదట్లో ఆదివారాలు అబిడ్స్ వెళ్లడం నాకు అలవాటు. షట్టర్లు దించిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో మెడికల్ ఎంట్రెన్స్ గైడ్లకీ ఇంగ్లిష్ నవలలకీ మధ్య అప్పుడప్పుడూ కంప్యూటర్ పత్రికలు దొరికేవి. బైట్, కంప్యూట్!, కమడోర్ కంప్యూటర్ ఉన్నవాళ్ల కోసం వచ్చిన గెజెట్, బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ ఉన్నవాళ్ల కోసం వచ్చిన ఎకార్న్ యూజర్. అప్పటికే అవి ఏడెనిమిదేళ్ల పాతవి. అలా 54 కొన్నాను. ఇప్పుడు 43 మిగిలాయి. వీటిని ఇంకా వాడుతున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఈ పత్రికల ప్రాణమంతా లిస్టింగుల్లో ఉంది. ఏదైనా ఆటనో, లెక్కల ప్రోగ్రామునో లైను లైనుగా అచ్చువేసేవాళ్లు. మనం టైపు చేసుకుని క్యాసెట్‌లో దాచుకోవాలి. నాకు సొంత కంప్యూటర్ లేదు. బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద దేశంలో చాలా బడులకు బీబీసీ మైక్రోలు వచ్చాయి, మా బడికీ వచ్చింది. మెమరీ 32 కేబీ. శనివారం మధ్యాహ్నం సార్ గది తాళం తీస్తే నేను చదివేవాణ్ణి, నా స్నేహితుడు టైపు కొట్టేవాడు.

చిక్కు ఏమిటంటే, దొరికే లిస్టింగుల్లో సగం వేరే మెషీన్లవి. పోక్ అంటే మెమరీలో ఫలానా చిరునామాలో ఫలానా అంకె రాయమని. కమడోర్ 64లో పోక్ 53280,0 అని కొడితే తెర అంచు నల్లబడుతుంది. బీబీసీ మైక్రో ప్రోగ్రాములు రాసే బేసిక్ భాషలో పోక్ అనే మాటే లేదు, ఆ పనికి ప్రశ్నార్థకం గుర్తు వాడాలి. గుర్తు మార్చినా లాభం లేదు, ఆ చిరునామాలో బీబీసీకి ఉన్నది రోమ్, అందులో ఏమీ రాయలేం. కాబట్టి ఆ లైను ఎందుకు ఉందో తెలుసుకుని, అదే పని మన మెషీన్ ఎలా చేస్తుందో వెతకాలి. నాకు ప్రోగ్రామింగ్ వచ్చింది ఇలాగే. తర్వాత కట్టిన కోర్సు ఫీజుల గురించి ఇంత నమ్మకంగా చెప్పలేను.

గెజెట్‌లో నాకు బాగా నచ్చింది ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్. ఒక్కో లైను కొట్టగానే తెర మీద ఒక అంకె చూపిస్తుంది, పత్రికలో ఆ లైను పక్కన అచ్చయిన అంకెతో సరిపోతే లైను సరిగ్గా ఉన్నట్టు. ఇలా సరిచూసే అంకెనే చెక్‌సమ్ అంటారు. మొదట్లో అది అక్షరాల విలువలు కూడేది, అంతే. 12కి బదులు 21 కొట్టినా మొత్తం మారదు కదా, ఆ తప్పు దొరికేది కాదు. 1986లో వచ్చిన కొత్త ప్రూఫ్‌రీడర్ దాన్నీ పట్టుకుంది. చెక్‌సమ్ అంటే ఏమిటని ఎవరైనా పిల్లలు అడిగితే ఇప్పటికీ ఆ పేజీలే తీసి చూపిస్తాను.

బైట్ వేరే రకం. 1975 సెప్టెంబర్‌లో మొదలైంది. అదే ఏడాది నవంబర్‌లో కాన్సస్ సిటీలో సమావేశం పెట్టి, మామూలు క్యాసెట్ మీద డేటా ఎలా దాచాలో ఒక పద్ధతి తేవడంలో ఆ పత్రికకు ముఖ్యమైన పాత్ర ఉంది. రాబర్ట్ టిన్నీ వేసిన ముఖచిత్రాలు చూస్తే ఇవాళ్టికీ చూపు తిప్పుకోలేను, ముఖ్యంగా 1981 ఆగస్టు స్మాల్‌టాక్ సంచిక మీది గాలి బెలూను. వ్యాసాలు కష్టం, కొన్ని నాకు ఇరవై ఏళ్ల తర్వాత అర్థమయ్యాయి. ప్రింటర్ల, మోడెంల సమీక్షలు ఇప్పుడు పనికిరావు. ప్రకటనలు మాత్రం వదలకుండా చదవండి. ఏ ఏడాది మెమరీ ధర ఎంత ఉండేదో వాటిలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

కాగితం సంగతి. 2020 అక్టోబర్ వానలకు కింది అరలోకి నీళ్లొచ్చి 11 సంచికలు పోయాయి. నున్నటి కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆరాక విడదీస్తే అక్షరాలు ఊడొస్తాయి. దయచేసి నేల మీదా గోడకు ఆనించీ పెట్టకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు చాలా ఉన్నాయి, ఉచితం. చదవడానికి హాయి, కానీ లిస్టింగుల దగ్గర 8కీ 3కీ, సున్నాకీ ఇంగ్లిష్ ఓ అక్షరానికీ తేడా తెలియక కళ్లు లాగుతాయి. కొట్టడానికి కాగితమే మేలు.

ఫుట్‌పాత్ మీద వరస సంచికలు దొరకవు. లిస్టింగులో తప్పుంటే సవరణ తర్వాతి నెల వేస్తారు, ఆ తర్వాతి నెల మనకు రాదు. ఒక బ్రిటిష్ పత్రికలోని చిట్టడవి ఆట కొట్టి రన్ చేస్తే 'అవుట్ ఆఫ్ డేటా' అని ఆగిపోయింది. అంటే అంకెలు చాలలేదని. ఐదు బొమ్మలు, బొమ్మకు ఎనిమిది అంకెలు, వరసకొకటి, మొత్తం 40 కావాలి. లెక్కపెడితే 39. పోయింది ఏదో తెలియాలంటే ఒక్కటే దారి. ఒక్కో అంకెనీ బైనరీలోకి, అంటే ఒకట్లూ సున్నాలుగా మార్చి, ఒకటి ఉన్నచోట గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపాం. మూడు బొమ్మలు బాగానే వచ్చాయి. నాలుగోది మనిషి బొమ్మ, తల, భుజాలు వచ్చాక నడుము లేదు, కాళ్లు ఒక వరస పైకి జరిగాయి. ఆ వరసకు ఆరు చుక్కలు పెట్టి 126 అని పెన్సిల్‌తో రాశాం. ఆట ఆడింది. మూడు శనివారాలు పట్టింది.

పోయినేడు ఆ తర్వాతి సంచిక స్కాన్ దొరికింది. సవరణ చివరి పేజీల్లో ఒక మూల ఉంది. అసలు అంకె 60, అంటే నాలుగు చుక్కలే. మా మనిషి నడుము అటొక చుక్క, ఇటొక చుక్క ఎక్కువ. వెంటనే స్నేహితుడికి ఫోన్ చేసి, పత్రికలో దిద్దనా అని అడిగాను. "వద్దురా, మనం గీసిందే ఉండనీ" అన్నాడు. 126 అలాగే ఉంది.