మిల్లు మూతపడితే ఆ షెడ్లను ఏం చేస్తే మేలు?

విశాఖ దగ్గరి చిట్టివలస జ్యూట్ మిల్లు 2009లో లాకౌట్ అయింది. ఆ మాట ఎత్తితే చాలు, తగరపువలస టీ కొట్లో ఇప్పటికీ రెండు పార్టీలు తయారు. పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాలని ఒకరు, ఏదో ఒక పని పెట్టాలని ఇంకొకరు. చిట్టివలస సంగతి పక్కనపెట్టి, మూతపడ్డ ఏ మిల్లుకైనా ఈ రెండు దారుల్లో ఏది మేలో చూద్దాం.

అమ్మేస్తే డబ్బు ఒకేసారి వస్తుంది. కార్మికుల బకాయిలు అందులోంచి తీర్చొచ్చు. ఏళ్ల తరబడి వాటి కోసం తిరిగినవాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ ఉద్యోగాల లెక్క తీయండి. బిల్డింగ్ లేచేదాకా మేస్త్రిలకు, కూలీలకు పని. ఆ తర్వాత వాచ్‌మన్, లిఫ్ట్, హౌస్‌కీపింగ్, అంతే.

ముంబయి ఈ దారిలో నడిచిన ఊరే. 1982 సమ్మెతో అక్కడి బట్టల మిల్లులు కుదేలయ్యాయి. మిల్లు స్థలం తిరిగి కడితే మూడో వంతు ఊరి పార్కులకు, మైదానాలకు, మూడో వంతు సామాన్యుల ఇళ్లకు, మిగతాది ఓనరుకు అని 1991లో రూలు పెట్టారు. 2001లో దాన్ని మార్చి, అప్పటికే కట్టడం లేని ఖాళీ స్థలానికే ఆ పంపకం అన్నారు. మిల్లు స్థలంలో ఎక్కువ భాగం షెడ్లే కదా! ఊరికి దక్కాల్సింది అలా కుంచించుకుపోయింది. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది.

రెండో దారికి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక నమూనా ఉంది. గ్రీన్‌పాయింట్‌లో తాళ్లు, జనపనార సరుకు చేసిన పాత మిల్లును లాభాపేక్ష లేని ఒక సంస్థ చేతిలోకి తీసుకుంది. 1992లో ఏర్పడిన ఆ సంస్థ మిల్లును బాగుచేసి, ముక్కలుగా విడదీసి వడ్రంగి పనివాళ్లకు, చిన్న తయారీదారులకు అద్దెకిస్తోంది.

ఇది మనకెందుకు పనికొస్తుందో విశాఖ గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను) మేస్త్రిని చూస్తే అర్థమవుతుంది. ఇరుకు షెడ్డు, ముగ్గురు కుర్రాళ్లు. పొడవాటి షాఫ్ట్ వస్తే సగం రోడ్డు మీదే. ఓనరు అద్దె పెంచితే మకాం మార్చాలి. లేత్ మిషను మంచం కాదు, ఎత్తి పక్కన వేయడానికి. కొత్త చోట ఫౌండేషన్ వేయాలి, లెవెల్ పట్టాలి, త్రీ ఫేజ్ కనెక్షన్ కోసం తిరగాలి. అందుకే ఇలాంటివాళ్లకు అద్దె తగ్గడం కంటే పదేళ్ల లీజు ముఖ్యం. పాత మిల్లుల్లో ఎత్తయిన కప్పు, బరువైన మిషన్లు మోసిన నేల ఎలాగూ ఉంటాయి.

ఐటీ ఆఫీసులు పెట్టొచ్చుగా అంటారు. దానికి విశాఖలో రుషికొండ ఐటీ పార్కు ఉంది.

నా ఓటు రెండో దారికే, కానీ అన్నిచోట్లా కాదు. విశాఖలోనే మింది జింక్ స్మెల్టర్ (ఖనిజం నుంచి జింకు తీసే ఫ్యాక్టరీ) 2012లో ఆగింది. అలాంటి చోట నేలలో విషపు లోహాలు దిగి ఉండొచ్చు, మట్టి పరీక్ష చేయకుండా ఇళ్లు కాదు, వర్క్‌షాపు కూడా పెట్టకూడదు. పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే దించడానికే బోలెడు ఖర్చు. పైగా అద్దె డబ్బు నెమ్మదిగా వస్తుంది, ఏ ప్రైవేటు ఓనరూ అంత ఓపిక పట్టడు. స్థలం ప్రభుత్వం చేతిలోనో, సహకార సంఘం చేతిలోనో ఉంటేనే ఇది నడుస్తుంది.

ఇదంతా మేస్త్రికి చెప్తే మిషను ఆపకుండానే అడిగాడు: "బాగానే ఉంది గానీ బాబూ, కరెంటు ఎన్ని హార్స్‌పవర్ ఇస్తారు?"