కాట్స్‌వోల్డ్స్ చూశాక డర్హమ్ బొగ్గు ఊళ్ళు కూడా చూపించండి

అమ్మానాన్నలు ఇంగ్లండ్ వస్తున్నారంటే చాలు, లండన్ తర్వాత ఎవరైనా చెప్పేది కాట్స్‌వోల్డ్స్ పేరే. తేనెరంగు రాతి ఇళ్ళు, కిటికీల కింద పూలు, వాగు మీద చిన్న వంతెనలు. అందంగా ఉంటాయి, కాదనను. మేమూ వెళ్ళాం. అయితే ఆ ఇళ్ళలో ఎవరు బతికారు, ఏ పనికి పోయేవారు, పొయ్యి మీద ఏం ఉడికేది అనేవి అక్కడ ఎంతసేపు తిరిగినా తెలియలేదు. మామూలు కుటుంబం నిన్నమొన్నటి దాకా ఇక్కడ ఎలా బతికిందో తెలుసుకోవాలంటే ఈశాన్యాన ఉన్న డర్హమ్ కౌంటీకి వెళ్ళాలి.

మా నాన్న మొదట ఇల్లందులో, తర్వాత కొత్తగూడెంలో సింగరేణి బాయిలో పనిచేసి రిటైరయ్యారు. "కోటలు, మేడలు చాలు బిడ్డా. బొగ్గు బాయిలున్న ఊరు ఉంటే చూపించు" అన్నారు. సింగరేణికీ ఇంగ్లండ్‌కూ పాత సంబంధమే ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. డర్హమ్ గని కార్మికులు తమ మొట్టమొదటి గాలా, అంటే సంఘం జెండాలతో బ్యాండు మేళాలతో చేసుకునే పెద్ద కూడిక, జరుపుకున్నదీ 1871లోనే.

ముందు బీమిష్ గురించి చెప్పాలి. ఇది ఆరుబయట మ్యూజియం. 1970లో ఫ్రాంక్ అట్కిన్సన్ అనే ఆయన పూనుకుని మొదలుపెట్టారు. గనులు, ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజులవి. జనం పాత సామాను బయట పారేస్తుంటే, ఎవరు ఏమిచ్చినా వద్దనకుండా తీసుకోవడమే ఆయన పద్ధతి. అలా పోగైన వస్తువులతో ఒక పాత సైనిక శిబిరంలోని గుడిసెలు నిండిపోయాయట. వస్తువులే కాదు, ఇళ్ళకు ఇళ్ళే రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. సహకార దుకాణం యాన్‌ఫీల్డ్ ప్లెయిన్ నుంచి, పబ్ బిషప్ ఆక్లండ్ నుంచి, రైల్వే స్టేషన్ రౌలీ నుంచి వచ్చాయి. 1820ల పల్లె, 1900ల పట్నం, గని ఊరు, 1940ల పొలం, 1950ల పట్నం, ఒక్కోటీ ఒక్కో వైపు ఉంటాయి. వాటి మధ్య పాత ట్రాములు, బస్సులు తిరుగుతాయి. వాటికి వేరే టికెట్ లేదు. 2025లో బ్రిటన్‌లో మ్యూజియం ఆఫ్ ది ఇయర్ అవార్డు దీనికే వచ్చింది.

గని ఊళ్ళో మహోగనీ డ్రిఫ్ట్ అనే అసలు సిసలు పాత గని ఉంది. హెల్మెట్లు ఇచ్చి, చిన్న గుంపులుగా లోపలికి తీసుకెళ్తారు. పైకప్పు బాగా తక్కువ ఎత్తు, నడుము వంచి నడవాలి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, ఇరుకంటే భయపడేవాళ్ళు బయటే ఉండడం మంచిది. అమ్మ రాలేదు. గైడ్ కట్టె ఆసరాల గురించి చెబుతుంటే నాన్న చెయ్యెత్తి పైనున్న బండను వేళ్ళ కణుపులతో తట్టి, తల పక్కకు వంచి విన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ తట్టారు. గైడ్ చెప్పేది ఆపి ఆయన వైపే చూశాడు. "మీరు గనిలో చేశారా?" అని అడిగితే నేను అవునన్నాను. బండ కణకణ మోగితే ధైర్యంగా పనిచేసుకోవచ్చనీ, డొల్ల చప్పుడు వస్తే దాని కింద క్షణం కూడా నిలబడకూడదనీ నాన్న చెబితే నేను తర్జుమా చేశాను. గైడ్ వాళ్ళ తాత కూడా ఇదే మాట చెప్పేవాడట. ఆ తర్వాత అతను గుంపుతో, "ఈయన చెప్పేది వినండి" అని దీపం నాన్న చేతికిచ్చాడు. మాతోపాటు వచ్చిన ఇంగ్లిష్ పిల్లలు అడిగిన ప్రశ్నలకు నాన్న ఓపిగ్గా జవాబులు చెప్పారు. టికెట్ డబ్బు అక్కడికే గిట్టుబాటైంది అనిపించింది నాకు.

గని ఊళ్ళోనే ఫ్రాన్సిస్ స్ట్రీట్ అని ఆరు ఇళ్ళ వరస ఉంది. హెటన్ బొగ్గు కంపెనీ 1860లలో తన కార్మికులకు కట్టించిన క్వార్టర్లవి. లోపల బొగ్గు పొయ్యి, దానికే అతికించిన ఓవెన్, పక్కన నీళ్ళు కాగే తొట్టి. గోడకు తగిలించిన రేకు స్నానపు తొట్టి. పెరడు దాటాక మరుగుదొడ్డి. గనుల దగ్గర స్నానాల గదులు కట్టక ముందు, మసితో వచ్చిన మగవాళ్ళంతా ఈ పొయ్యి ముందే ఆ తొట్టిలో కడుక్కునేవారు. తండ్రి ఒక షిఫ్టు, పెద్దకొడుకు ఒక షిఫ్టు, చిన్నవాడు మరో షిఫ్టు అయితే ఆ ఇంటి ఆడమనిషికి రాత్రీ పగలూ నీళ్ళు కాచడమే పని. అక్కడ పాత దుస్తుల్లో కూర్చున్న ఉద్యోగిని ఇవన్నీ చెబుతూ, చిరిగిన గుడ్డ పేలికల్ని గోనెపట్టలోకి మొనదేలిన కర్రతో దూర్చి చాప అల్లుతోంది. అమ్మ ఆమె పక్కన కూర్చుని నాలుగు పేలికలు దూర్చింది. పాత చీరలతో బొంత కుట్టడం లాంటిదే కదా ఇది, అని ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

ఆ వరసలో ఒకటి విధవరాలి ఇల్లు. ఇళ్ళు కంపెనీవి కాబట్టి, కొడుకులు గనిలో పనికి పోతేనే ఆమెకు ఆ నీడ. ఆ సంగతి విన్నాక అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. నాన్న రిటైరైనప్పుడు మేం క్వార్టర్ ఖాళీ చేసిన రోజు నాకూ గుర్తుంది. పెరట్లో అమ్మ పెంచిన కరివేపాకు చెట్టును అక్కడే వదిలేసి వచ్చాం. మన క్వార్టర్ల జీవితాన్ని కూడా ఇంత శ్రద్ధగా ఎవరైనా దాచిపెట్టాలని నా కోరిక. ఆ సైరన్లు, మస్టర్లు, మూడో షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే నాన్నలు, చప్పుడు చేయొద్దని పిల్లల్ని బయటికి తరిమే అమ్మలు, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఉండగానే ఆ పని జరగాలి.

1950ల పట్నం 2022లో తెరిచారు. ముప్పై మూడేళ్ళు గనిలో పనిచేసి చిత్రకారుడైన నార్మన్ కోర్నిష్ ఇల్లు, కాఫీ హోటల్, వెల్ఫేర్ హాల్, మంగలి సామానున్న ఆడవాళ్ళ సెలూన్. ఇక్కడ చూడాల్సింది వస్తువుల కంటే మనుషుల్ని. డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు మనవళ్ళ చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఇదే రేడియో, ఇదే టీ డబ్బా" అంటూ ఉంటారు. వయసు మళ్ళిన గని కార్మికులకు కట్టిన ఇళ్ళ నమూనాలు కూడా ఉన్నాయి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళను అక్కడికి తీసుకొచ్చి, తెలిసిన వస్తువుల మధ్య కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మ్యూజియం చేయగలిగిన మంచి పనుల్లో ఇంతకన్నా గొప్పది నేను చూడలేదు.

సౌకర్యాల సంగతి. టికెట్ చౌక కాదు. కానీ ఒకసారి కొంటే ఏడాదంతా మళ్ళీ మళ్ళీ రావచ్చు కాబట్టి దగ్గర్లో ఉండేవాళ్ళకు లాభమే. స్థలం 350 ఎకరాల దాకా ఉంటుంది, రాళ్ళు పరిచిన దారులు, ఎత్తుపల్లాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే నడవాలని పట్టుబట్టకండి, ట్రామెక్కించండి. గని ఊళ్ళో డేవీస్ అనే చేపల దుకాణం ముందు క్యూ ఎప్పుడూ ఉంటుంది. బొగ్గు మంట మీద వేయిస్తారు, రుచి బాగుంటుందంటారు. అయితే వేయించేది గొడ్డు కొవ్వులో. బంగాళాదుంప చిప్సే కదా అని శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు తీసుకోకండి. మేం పులిహోర కట్టుకెళ్ళాం, ట్రాము స్టాపు దగ్గర బల్ల మీద కూర్చుని తిన్నాం. చలికాలంలో వేళలు తగ్గుతాయి, వెళ్ళే ముందు చూసుకోండి.

బీమిష్ మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే. రొట్టెల వాసన, బ్యాండు, ట్రాము గంటలు కలిసి ఆ జీవితాన్ని కొంచెం తియ్యగా చూపిస్తాయి. పక్కనే ఉన్న స్టాన్లీలో 1909 ఫిబ్రవరి 16న బర్న్స్ గనిలో పేలుడు జరిగి 168 మంది పోయారు. అందులో పసివాళ్ళనదగ్గ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. బీమిష్ నుంచి నేరుగా ఇంటికి పోకుండా స్టాన్లీలోని స్మారకం దగ్గర కాసేపు ఆగండి. నాన్న అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు.

బస విషయంలో మాకు రెండు అనుభవాలు. మొదట ఒక చిన్న పట్నంలో పాత ఇంటిని హోటల్‌గా మార్చిన చోట దిగాం. బుకింగ్‌లో కింది అంతస్తు గది అని స్పష్టంగా ఉంది. తీరా వెళ్తే అటక మీద గది ఇచ్చారు, నిట్టనిలువు మెట్లు. అమ్మ మోకాళ్ళు చూపించినా వేరే గది లేదన్నారు. డబ్బు తిరిగి ఇవ్వడానికి కూడా చాలా తిప్పారు. పెద్దవాళ్ళు ఉంటే బుకింగ్ పేజీని నమ్మి ఊరుకోకుండా ఫోన్ చేసి మెట్లెన్ని, బాత్రూమ్ ఎక్కడ అని అడగడం అవసరం. తర్వాత ఒక గని ఊళ్ళో వరస ఇల్లు వంటగదితో సహా అద్దెకు తీసుకున్నాం. ఇది ఎంతో నయం. అన్నం, పప్పు వండుకున్నాం. ముందు గదిలో పాత పొయ్యి అలాగే ఉంచారు. పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, చెత్త డబ్బా ఏ రోజు బయట పెట్టాలో చెప్పి, అరగంట కూర్చుని తన చిన్నప్పటి వీధి ఎలా ఉండేదో చెప్పింది. వీధంతా తలుపులు తీసే ఉండేవట, ఇప్పుడు సగం ఇళ్ళవాళ్ళ పేర్లే తెలియవట. పోపు పెట్టే ముందు మాత్రం కిటికీ తెరవండి, పొగ అలారం మోగుతుంది.

డర్హమ్ నగరం ఒక పూట చాలు. 1093లో కట్టడం మొదలైన కెథెడ్రల్‌కు ప్రవేశ రుసుము లేదు, తోచినంత ఇస్తే తీసుకుంటారు. లోపల గనుల్లో చనిపోయినవాళ్ళ కోసం నల్లని చెక్కతో చేసిన స్మారకం, దాని దగ్గర గని దీపం ఉన్నాయి. గైడ్లు అందరికీ అది చూపించరు, అడిగి చూడండి. 1915లో తెరిచిన రెడ్‌హిల్స్ కార్మిక భవనంలో ఒక్కో గని ప్రతినిధికి ఒక్కో నంబరు కుర్చీ ఉన్న సభామందిరం ఉంటుంది. అది తెరిచే రోజులు ముందే కనుక్కోవాలి.

సముద్రతీరం వైపు సీహమ్, ఈసింగ్టన్, హార్డెన్ ఊళ్ళున్నాయి. ఇక్కడ బీమిష్ లాంటి మ్యూజియం లేదు, టికెట్ లేదు. న్యూకాజిల్ నుంచి రైల్లో రావచ్చు, హార్డెన్ స్టేషన్‌ను 2020లో తెరిచారు. ఆదివారం బస్సులు తక్కువ, కారు ఉంటే మేలు. ఈసింగ్టన్‌లో 1951 మే 29 పేలుడులో రక్షించడానికి దిగిన ఇద్దరితో కలిపి 83 మంది పోయారు. 1993లో గని మూసేశారు. ఆ ఏడాది చివర్లో సండర్లాండ్‌లోని వేర్మౌత్ కూడా మూతపడడంతో డర్హమ్‌లో పెద్ద గనుల కథ ముగిసింది. ఈసింగ్టన్‌లో గని ఉన్న చోట ఇప్పుడు గడ్డి గుట్ట. మనుషుల్ని కిందికి దించిన పంజరం లాంటి లిఫ్ట్ ఒక్కటే గుర్తుగా నిలబెట్టారు. పైనుంచి చూస్తే సముద్రం. ఒకప్పుడు బొగ్గు చెత్త పోసి నల్లబడ్డ ఆ తీరాన్ని శుభ్రం చేశారు.

అక్కడ కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన నాన్నను పలకరించాడు. ఆయన ఆ గనిలోనే పనిచేశాడు. నాన్నకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఆయన యాస నాకే సగం అర్థం కాలేదు. అయినా రూఫ్, హాలేజ్, ఓవర్‌మ్యాన్, షాట్‌ఫైరర్ లాంటి గని మాటలు అనుకుంటూ ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. 1984-85 గని కార్మికుల సమ్మెలో ఏడాదిపాటు జీతం లేకుండా ఎలా గడిపారో, క్లబ్బులో ఆడవాళ్ళు ఎలా వంట చేసి వీధి వీధినీ బతికించారో ఆయన చెప్పాడు. ఇదంతా ఏ బోర్డు మీదా రాసి లేదు. ఆ తరం ఇప్పుడు అరవై దాటింది, కొందరు ఎనభైల్లో ఉన్నారు. ఈ ఊళ్ళకు వెళ్ళాలనుకునేవాళ్ళు వాయిదా వేయొద్దని అందుకే అంటున్నాను.

ఆయనే మమ్మల్ని గాలాకు రమ్మన్నాడు. ఏటా జూలైలో రెండో శనివారం డర్హమ్‌లో జరుగుతుంది. గనులు పోయినా ఊళ్ళ జెండాలు, ఇత్తడి బ్యాండ్లు వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఏడాది గనిలో ఎవరైనా చనిపోతే ఆ ఊరి జెండాకు నల్లగుడ్డ కట్టేవారట. ఈసారి నాన్న వీసాను దాన్ని బట్టే చూసుకుంటున్నాం. ఆ వారాంతం నగరంలో గదులు దొరకవు, చెస్టర్-లీ-స్ట్రీట్ వైపు దిగి పొద్దున్నే రైల్లో రావడం తేలిక.