డిస్క్ టెస్టా, ఎంఐసీనా: ఏది మేలు?

ఇన్ఫెక్షన్ తెచ్చిన క్రిమి మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చడానికి డిస్క్ టెస్ట్ ఉంది, ఎంఐసీ ఉంది. కావలిలో మా ల్యాబ్‌కి మొన్న అల్లూరు నుంచి ఒక పెద్దాయన రిపోర్టు పట్టుకుని వచ్చారు. వాళ్ళావిడకి మూత్రంలో ఇ.కోలి ఇన్ఫెక్షన్. "అమ్మా, సిప్రోఫ్లాక్సాసిన్‌కి 1 అని ఉంది, నైట్రోఫ్యురంటాయిన్‌కి 16 ఉంది. తక్కువ ఉన్నదే మంచిది గదా? డాక్టరమ్మ రెండోది రాసిందేంది?" అని అడిగారు.

ఆ అంకెలు ఎంఐసీ. క్రిమి పెరగకుండా ఆగాలంటే మిల్లీలీటరుకి కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు కావాలో ఆ లెక్క. అయితే ఏ మందు గీత దానిదే. మేము చూసే అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ పట్టికలో ఇ.కోలికి సిప్రో 0.25 దాటకూడదు, 1 వస్తే 'ఆర్', అంటే పనిచేయదు. నైట్రోఫ్యురంటాయిన్‌ మూత్రంలో బాగా చేరుతుంది కాబట్టి 32 వరకూ 'ఎస్', అంటే పనిచేస్తుంది. (అదే మందు రక్తంలో చాలినంత నిలవదు. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కి ఇవ్వరు.)

నిజానికి ఆ కేసుకి డిస్క్ టెస్ట్ చాలు. 1966లో బాయర్, కిర్బీ వాళ్ళు ఖాయం చేసిన పద్ధతే ఇప్పటికీ చేస్తున్నాం. 4 మిల్లీమీటర్ల ఎత్తున ముల్లర్-హింటన్ అగార్ (క్రిమి పెరిగే జెల్లీ) పోసిన ప్లేటు మీద క్రిమి కలిపిన ద్రవాన్ని దూదిపుల్లతో మూడు వైపులా రుద్ది, మందు అద్దిన కాగితపు బిళ్ళలు పెట్టి, రాత్రంతా 35 డిగ్రీల్లో ఉంచుతాం. పొద్దున్నే ప్లేటుని నల్లటి అడుగు మీద బోర్లించి వెనక నుంచి స్కేలు పెడతాం. అంతటా పల్చగా మీగడ కట్టినట్టు క్రిమి, మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ తేటగా ఒక వలయం. ఇక్కడా అదే పొరపాటు చేస్తుంటారు, వలయం పెద్దదైతే మందు గొప్పదని. 19 మిల్లీమీటర్లు వస్తే నైట్రోఫ్యురంటాయిన్‌కి 'ఎస్', సిప్రోకి 'ఆర్'.

డిస్క్‌కి ఖర్చు తక్కువ. పైగా కంటికి కనబడుతుంది. వలయం లోపల నాలుగు చుక్కలు మొలిస్తే, వేరే క్రిమి కలిసిందో, మందుకి లొంగనివి ఉన్నాయో అని ఆగి మళ్ళీ చూస్తాం. మామూలు మూత్రం, చీము కేసుల్లో నా ఓటు దీనికే.

రక్తంలో ఇన్ఫెక్షన్, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ అయితే మాత్రం ఎంఐసీ చేయించాల్సిందే. అక్కడ డోసు ఎంతన్నది ఆ అంకెని బట్టి ఉంటుంది. స్టాఫ్ ఆరియస్ అనే క్రిమికి వాంకోమైసిన్ మందు పనిచేస్తుందో లేదో డిస్క్ తేల్చలేదు. కొలిస్టిన్ అనే మందు అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, దానికి ద్రవంలో పలుచన చేసి చూసే పద్ధతే కావాలి. కొలిస్టిన్‌ని డిస్క్‌తో చూసి 'ఎస్' అని ఇచ్చిన రిపోర్టు చేతికొస్తే దయచేసి నమ్మకండి, మళ్ళీ చేయించండి. మెషీన్ ఉంటే ఎంఐసీ కొన్ని గంటలు ముందే వస్తుంది. కానీ క్రిమి మొలవడానికి పట్టే మొదటి రోజుని ఏ మెషీనూ తగ్గించలేదు.

శాంపిల్ చెడితే రెండూ దండగే. మూత్రం 2 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, లేదా చల్లగా ఉంచాలి. రోహిణి ఎండల్లో బస్సులో సంచిలో వేసుకొచ్చిన సీసాలో జబ్బుతో సంబంధం లేని క్రిములు కూడా పెరుగుతాయి. ఆ పెద్దాయన మొదటి మాత్ర వేయకముందే పట్టించి, ఐసు డబ్బాలో పెట్టి తెచ్చారు. డాక్టరమ్మ రాసిన మందే వాడమని చెప్పి పంపాను.